మూడో మెట్టు

పోయిన వారం సుల్తాన్ బీని సిరిగడి పెద్ద దర్వాజా ముందు, ఆటోలోంచి ఒక కాలు కింద పెట్టి, రెండో కాలు పెట్టాలా వద్దా అని తటపటాయిస్తుండగా వదిలేసి వచ్చాం. ఎనభై ఏడేళ్ల మనిషిని వారం రోజులు అట్లా నిలబెట్టడం మర్యాద కాదు, ఒప్పుకుంటాను. ఆమెను దింపుదాం. దింపేలోగా, ఈ వారమే వచ్చి కూర్చున్న వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

మెట్‌పల్లి దాటి పసుపు చేన్ల మధ్య నుంచి పోతే వచ్చే సిరిగడి ఒకప్పుడు సంస్థానం. రాజు పోయాడు, రాజ్యం పోయింది, రాతికోట లాంటి గడి మిగిలింది. దాన్ని బాగుచేసి, నలుగురూ వచ్చి చూసేందుకు ఈ సాయంత్రమే తెరుస్తున్నారు. పెద్ద దర్వాజా పైన నౌబత్‌ఖానా ఉంది. రోజుకు అయిదుసార్లు నగారా మోగిన చోటు అది. అక్కడ బిగించడానికి తయారైన బోర్డు మీద ఇట్లా రాసి ఉంది: "చివరి నౌబత్‌దారు చాంద్ సాబ్ తాగిన మత్తులో, రాజావారికి ఆడపిల్ల పుడితే మగపిల్లవాడి నౌబత్ మోగించి కొలువు పోగొట్టుకున్నాడు." చాంద్ సాబ్ సుల్తాన్ బీకి తండ్రి. ఆయన కల్లు ముంత వైపు కన్నెత్తి చూసిన మనిషి కాదు. ఆ సంగతి తెలిసినవాళ్లలో ఇంకా బతికున్నది తానొక్కతే అని ఆమె నమ్మకం. బోర్డు రాసిన రాకేశ్ అనే కుర్రవాడు మంచివాడే గానీ, ఇది మమతారాణి గారు చెప్పిన మాట, ఆమె మార్చమంటే తప్ప మార్చలేనని చెప్పేశాడు. మమతారాణి అంటే ఆ రోజు పుట్టిన ఆడపిల్లే. అందుకని సుల్తాన్ బీ డెబ్బై ఎనిమిదేళ్ల తర్వాత ఈ గడికి వచ్చింది.

రెండో కాలు కూడా కింద పెట్టింది.

కొడుకు రహీమ్ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. అతనికి మెట్‌పల్లిలో టెంట్ హౌస్ ఉంది. ఈ సాయంత్రం ముంగిట్లో వేసిన శామియానాలు, కుర్చీలు, ఎర్ర తివాచీ అన్నీ అతనివే. నౌబత్‌దారు మనవడు కదా అని పాత నగారాను బాగుచేసే పని కూడా అతనికే అప్పజెప్పారు. ఇచ్చోడ నుంచి తోలు తెప్పించి రెండు రోజులుగా బిగిస్తున్నాడు. బడిలో చదివే రోజుల్లో పిల్లలు అతన్ని "తప్పు నౌబత్" అని పిలిచేవాళ్లు. పెళ్లి సంబంధం చూడబోయినప్పుడు కూడా ఆ పేరు వాళ్లకంటే ముందే ఆ ఇంటికి చేరింది. అయినా నగారా అనేసరికి కాదనలేకపోయాడు. ఆ రక్తం అట్లాంటిది.

"అమ్మా, నేను పైన తోలు చూసుకుంట. నువ్వు మాట్లాడుకొని రా. జర నిమ్మళంగ మాట్లాడు," అన్నాడు.

ఆమె తలూపింది. భుజానికున్న గుడ్డసంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. అందులో ఏముందో కొడుక్కి కూడా చెప్పలేదు.

దర్వాజా పక్కనే నౌబత్‌ఖానాకు పోయే రాతిమెట్లు కనబడ్డాయి. సుల్తాన్ బీ చూపు దానంతటదే మూడో మెట్టు మీద ఆగింది. నడుమ గుంట పడి ఉంది, అప్పటిలాగే. సిరిగడి రివాజుల్లో అదొకటి. రాణి గానీ, వాకిలి ఊడ్చే మనిషి గానీ, ఆడది ఎవరైనా సరే మూడో మెట్టు దాటి పైకి పోకూడదు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. ఆడవాళ్లుండే జనానాలోంచి ఏ కబురు వచ్చినా, ఏ పళ్లెం వచ్చినా మూడో మెట్టు మీదికి తెచ్చి పెట్టాలి, పైనుంచి మగమనిషి దిగివచ్చి అందుకోవాలి. పళ్లేలు పెట్టి పెట్టి ఆ రాయి అట్లా అరిగిందని చెప్పుకునేవాళ్లు. వాన నీళ్లకు అరిగి ఉంటుందని నా అనుమానం. కానీ సుల్తాన్ బీ ముందు ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.

ఆ గడి అప్పుడు ఎట్లా ఉండేదని! తెల్లవారుజాము నౌబత్‌కు ఊరు లేచేది. రెండో నౌబత్‌కు కచేరీ తలుపులు తెరిచేవాళ్లు. పొద్దుగూకే నౌబత్ మోగిందంటే జనానా నిండా దీపాలు, సాంబ్రాణి పొగ, తమలపాకులు కత్తిరించే కత్తెర చప్పుడు. దసరా దర్బారుకు నెల ముందే నిర్మల్ నుంచి నకాశీ పనివాళ్లు వచ్చి దిగేవాళ్లు. పల్లకీకి ఎరుపు, పసుపు, బంగారు రంగులు వేసేవాళ్లు. ఆ తడి రంగుల వాసన కోసం సుల్తాన్ బీ పనులన్నీ ఎగ్గొట్టి పల్లకీ చుట్టూ తిరిగేది. దర్బారు రోజున ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరికి ముందు అత్తరు పూయాలో, ఎవరికి రెండు తాంబూలాలు, ఎవరికి ఒకటి అని అంతా రివాజే. ఆ పల్లకీ మోసిన బోయీల భుజాలకు మాత్రం కూలి లేదు, వెట్టి. అది కూడా చెప్పకపోతే నా కథ సగమే అవుతుంది. గడి పేరెత్తితే ఇప్పటికీ కడుపు మండే వాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు, వాళ్ల మంట న్యాయమైనదే. కానీ తొమ్మిదేళ్ల పిల్లకు అవన్నీ తెలియవు. ఆమెకు గడి అంటే రంగులు, వాసనలు, అన్నిటికంటే ఎక్కువగా తండ్రి చేతిలో మోగే నగారా.

ఆ నగారా అంటే ఆమెకు పిచ్చి. ఇంట్లో వంట గంజు బోర్లించి వేళ్లతో వాయించేది. చాంద్ సాబ్ పక్కన కూర్చుని కళ్లు మూసుకుని వినేవాడు. తప్పు పోతే కళ్లు తెరవకుండానే వేలు ఎత్తి ఆపేవాడు. అట్లా వరసలన్నీ వచ్చేశాయి ఆమెకు. పెద్ద నౌబత్ కూడా వచ్చేసింది. సంస్థానంలో మగపిల్లవాడు పుడితే మోగించేది పెద్ద నౌబత్. దానికి పుల్లల జత కూడా వేరే, వెండి పొన్నులు వేసినవి. మామూలు రోజుల్లో వాటిని తీయరు. పెద్ద నౌబత్ వేళ ఆ జత కాని పుల్లను నగారాకు తగలనివ్వరు. సుల్తాన్ బీ పుట్టకముందు ఎప్పుడో ఒకసారి మోగింది. అందుకని ఆమె గంజు మీద వాయించడమే గానీ, అసలు నగారా మీద అది ఎట్లా మోగుతుందో ఎన్నడూ వినలేదు. "మగపిల్లగానివైతే నా కొలువు నీకే ఇస్తుంటి," అని చాంద్ సాబ్ అప్పుడప్పుడు అని, తర్వాత బాధపడేవాడు.

జనానా వసారాలో మమతారాణి ఒక్కతే కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు హైదరాబాదులో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. నేత చీర, వెండి జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఆమె పుట్టిన మరుసటి ఏడు రాజావారు దాయాదుల పిల్లవాణ్ని దత్తత తీసుకున్నారు. ఆ దత్తుడి కొడుకు సదానందరావే ఇప్పుడు ఈ గడికి హక్కుదారు. మేనత్త అంటే అతనికి గౌరవమే. గడి తెరిచే రోజున ఈ ఇంట్లో పుట్టిన మనిషి ఉండాలని పట్టుబట్టి తీసుకొచ్చాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం ఇదే మొదటిసారి. చాంద్ సాబ్ బిడ్డనని సుల్తాన్ బీ చెప్పగానే మమతారాణి లేచి నిలబడింది. కూర్చోమని కుర్చీ చూపించింది. సుల్తాన్ బీ కుర్చీలో కూర్చోలేదు, గడప పక్కన గచ్చు మీదే కూర్చుంది. ఎనభై ఏళ్ల కిందటి అలవాటు మోకాళ్లకు ఇంకా గుర్తుంది. క్షేమసమాచారాలు అయ్యాయి. ఎవరు పోయారు, ఎవరు మిగిలారు అని లెక్క చూసుకున్నారు. మిగిలినవాళ్ల లెక్క తొందరగానే అయిపోయింది.

అప్పుడు సుల్తాన్ బీ విషయానికి వచ్చింది.

"దొరసానీ, బోర్డు మీద మా అబ్బ తాగిండని రాసిన్రు. ఆయన తాగలే. తప్పు నాది."

మమతారాణి కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

సుల్తాన్ బీ ఆ పగటి సంగతి చెప్పుకొచ్చింది. కొడుక్కి కూడా చెప్పుకోలేదు, మొగుడికి కూడా చెప్పుకోలేదు. నమాజు చేసేటప్పుడు ఒక్క అల్లాకు చెప్పుకుంది. రాణమ్మకు పొద్దుటి నుంచీ నొప్పులు. రాజావారు బయట కచేరీలో పెద్ద పెద్ద వాళ్లతో కూర్చుని ఉన్నారు. రివాజు ప్రకారం కానుపు కాగానే జనానా నుంచి నౌబత్‌ఖానాకు బెల్లం పళ్లెం పోవాలి. మగపిల్లవాడైతే పళ్లెం మీద ఎర్రగుడ్డ, పెద్ద నౌబత్ మోగించమని. ఆడపిల్లైతే తెల్లగుడ్డ, ఇక ఎదురుచూడవద్దని, అంతే. తెల్లగుడ్డ పోయిన సంగతి నౌబత్‌దారుకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. మంత్రసాని కమలవ్వ తలుపు సందులోంచి పళ్లెం సుల్తాన్ బీ చేతికిచ్చి, ఆడపిల్ల అని చెప్పి, గోడకొయ్యకున్న తెల్లగుడ్డ దాని మీద కప్పి తీసుకుపొమ్మంది.

"కొయ్యకు తెల్లగుడ్డ లేకుండె. ఎర్రదొక్కటే ఉండె. వాపసు పోయి అడగాలె గదా. అడగలే. ఎర్రదే కప్పిన. మూడో మెట్టు కాడ అబ్బ దిగొచ్చిండు. ఆడపిల్ల అని చెప్పుదామని నోరు తెరిచిన. మళ్ల మూసుకున్న. పెద్ద నౌబత్ ఇనాలని నాకు ఒకటే ఆశ ఉండె, దొరసానీ. చిన్నదాన్ని. ఒక్కసారి ఇంటె చాలనుకున్న."

విన్నది, నిజమే. మూడు గంటల సేపు విన్నది. చక్కెర పంచారు, ముంగిట్లో జనం కూడారు, వచ్చినవాళ్లంతా రాజావారిని కావలించుకున్నారు. అంతా అయ్యాక లోపలి నుంచి అసలు సంగతి వచ్చింది. అంతమంది ముందు తలకొట్టేసినట్టయిన రాజావారు చాంద్ సాబ్‌ను పిలిపించి, నీకు ఏ గుడ్డ వచ్చింది, ఎవరు తెచ్చారు అని అడిగారు. చాంద్ సాబ్ ఒక్క క్షణం స్తంభం చాటున నిలబడ్డ బిడ్డ వైపు చూశాడు. తెల్లగుడ్డే వచ్చింది దొరా, నేనే తాగి ఉన్నా, తెలియలేదు అన్నాడు. అయిదు పూటలా నమాజు చేసే మనిషి అంతమందిలో ఆ మాట అన్నాడు. నౌబత్ ఆ రోజు కుంటుతున్నట్టు, ఒక దెబ్బ బరువుగా, ఒక దెబ్బ మెత్తగా మోగిందని, తాగినవాడు కాకపోతే అట్లా ఎవరు వాయిస్తారని కచేరీలో నలుగురూ వంతపాడారు. పొద్దుగూకే నౌబత్ మోగలేదు. ఆ వేళకు వాళ్ల సామాను బండికెక్కింది.

"నన్ను కాపాడనీకి అబద్ధమాడిండు. నేను చూసుకుంట నిలబడ్డ. తర్వాత ముప్పై ఏండ్లు గాజులు అమ్మి మమ్ముల సాదిండు. ఒక్కనాడు నన్ను ఏమనలే. అననందుకే నాకు ఎక్కువ కోసేది. బోర్డు మీద నా పేరు రాయించున్రి. సుల్తాన్ బీ తప్పు గుడ్డ తెచ్చిందని రాయించున్రి. ఆయన పేరు తీసెయ్యిన్రి."

చెప్పేసింది. ఇక కొట్టినా తిట్టినా సరే అన్నట్టు తలవంచుకుంది.

 ముంగిట్లో కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. మమతారాణి ఒకే ఒక మాట అడిగింది.

"తెల్లగుడ్డ కొయ్యకు ఎట్లుంటది సుల్తాన్ బీ? అది మా అమ్మ తలకాడి మెత్త కింద ఉండె."

సుల్తాన్ బీ తలెత్తింది. ఏం విన్నదో ఆమెకు అర్థం కాలేదు.

మమతారాణి లోపలికి పోయి, తన పెట్టెలోంచి ఒక గుడ్డమూట తెచ్చి, కుర్చీలో కాకుండా ఆమె ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. తెల్లగుడ్డ, పసుపుపచ్చగా మారిపోయింది. విప్పింది. అందులో ఒక పుల్ల ఉంది. మూరెడు పొడుగు, నల్లబడ్డ వెండి పొన్ను.

సుల్తాన్ బీ భుజానికున్న సంచిలో చెయ్యి పెట్టి, ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్నదాన్ని బయటికి తీసింది. అదీ పుల్లే. అదే పొడుగు, అదే పొన్ను. ఇంట్లో గూట్లో ఒంటిగా పడి ఉండేది. రెండోది ఏదని చిన్నప్పుడు అడిగితే, గడబిడలో ఎక్కడో పోయిందన్నాడు చాంద్ సాబ్. తండ్రి మంచితనానికి సాక్ష్యంగా ఇంకేమీ లేక, ఆమె దాన్నే తెచ్చింది.

రెండు పుల్లలూ గచ్చు మీద పక్కపక్కన పడి ఉన్నాయి. ఇద్దరు ముసలమ్మలూ వాటినే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు మమతారాణి చెప్పింది. తనకంటే ముందు అమ్మకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఒకరు పదకొండు రోజులు బతికారు, ఒకరు నాలుగు నెలలు. వాళ్లు పుట్టిన సంగతి ఊరికి తెలియదు, పోయిన సంగతీ తెలియదు. రెండో పాప పోయిన పూట కూడా వేళ తప్పకుండా నౌబత్ మోగింది, మామూలు నౌబత్. అమ్మ దాన్ని వింటూ మంచం మీద పడుకుని ఉంది. మూడోసారి నెలలు నిండుతుండగా చాంద్ సాబ్‌ను పరదా అవతలికి పిలిపించింది.

"కొడుకైతే నువ్వు ఎట్లైనా మోగిస్తవు చాంద్ సాబ్, బిడ్డైనా మోగియ్యాలె, నా కడుపున ఒక పిల్ల పుట్టిందని ఊరు ఒక్కసారన్న ఇనాలె, అన్నదట. అడిగితె ఏం చెప్పాలె రాణమ్మా అన్నడట మీ అబ్బ. అమ్మ కాడ జవాబు లేకుండె."

చాంద్ సాబ్ ఆ రోజుకు వెళ్లిపోయాడు. మరునాడు పొద్దున పువ్వుల గంపలో ఈ పుల్ల లోపలికి వచ్చింది. నౌబత్‌దారు జత పుల్లలు విడదీయడు. విడదీసి ఒకటి ఎవరి చేతికైనా ఇచ్చాడంటే, మాట ఇచ్చినట్టు. ప్రాణం పోయినా తప్పడు. ఆ మాట ప్రకారమే రాణమ్మ నొప్పులు మొదలవగానే తెల్లగుడ్డను కొయ్య నుంచి తీసి మెత్త కింద దాచింది. ఎవరు పళ్లెం పట్టుకున్నా చేతికి ఎర్రదే దొరకాలని, రేపు అడిగితే ఎర్రగుడ్డే వచ్చిందని చాంద్ సాబ్ చెప్పుకోవచ్చని.

"నువ్వు కాకపోతె ఇంకో పిల్ల పోతుండె. ఎవరు పోయినా ఎర్రగుడ్డే పోతుండె. నువ్వు నోరు తెరిచి చెప్పినా, మీ అబ్బ మోగిస్తనే ఉండె."

సుల్తాన్ బీకి మూడో మెట్టు కళ్ల ముందుకు వచ్చింది. తండ్రి గబగబా దిగిరావడం, గుడ్డ వైపు చూడకుండా తన ముఖంలోకి చూడటం, తాను నోరు తెరవగానే పళ్లెం లాక్కుని వెనక్కి తిరగడం. అప్పుడు తొందర అనుకుంది. తనను మాట్లాడనివ్వకుండా పోయాడని ఇప్పుడు తెలిసింది. బిడ్డ నోట నిజం వినబడితే, అది తెలిసీ మోగించిన తప్పులో బిడ్డకు కూడా వాటా వస్తుందని భయపడ్డాడు. ఆ కుంటి నౌబత్ కూడా ఇప్పుడు అర్థమైంది. కుడిచేతిలో ఒక్క పుల్ల, ఎడమవైపు ఉత్త అరచెయ్యి. మూడు గంటలు. ఆ చెయ్యి వారం రోజులు వాచిపోతే పసుపు రాసింది తనే. సామాను ఎత్తేటప్పుడు దెబ్బ తగిలిందన్నాడు.

ఒకే ఇంట్లో ముప్పై ఏళ్లు ఉన్నారు తండ్రీ కూతుళ్లు. రాణమ్మకు ఇచ్చిన మాట కోసం ఆయన చెప్పలేదు. తిడతాడని కాదు, తిట్టడని భయపడి ఆమె చెప్పలేదు. ఎవరైనా ఒకరు నోరు విప్పి ఉంటే రెండో మనిషి బతుకు తేలికయ్యేది. సుల్తాన్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చిన్నపిల్లలు ఏడ్చినట్టే ఏడ్చింది. మమతారాణి ఆపలేదు.

ఏడుపు ఆగాక కోపం వచ్చింది. బరువు దిగిపోతే మనిషికి సంతోషం వస్తుందనుకుంటాం. ఇన్నాళ్లూ ఆ బరువును ఎందుకు మోయించారన్న కోపమే ముందు వస్తుంది.

"మీకు తెలుసు. తెలిసి గూడ తాగిండని రాయించిన్రు."

"తెలుసు." మమతారాణి తల దించుకోలేదు. "ఎవ్వలకు చెప్పొద్దని అమ్మ ఒట్టేయించుకున్నది. రాజును నలుగుట్ల నవ్వులపాలు చేసింది భార్యే అని తెలిస్తె అప్పట్ల అమ్మను బతకనియ్యకపోతుండిరి. అమ్మ పోయి నలభై ఏండ్లాయె. ఇంక ఎవరికి భయపడ్డనో నాకే తెల్వది. మొన్న రాకేశ్ అడిగితె, చిన్నప్పటి నుంచి ఇంట్ల చెప్పుకునే మాటే నోటికొచ్చింది. చెప్పినంక రెండు రాత్రులు నిద్ర పట్టలే. నువ్వు రాకపోతె ఇయ్యాల ఆ బోర్డు కింద నిలబడి దండ ఏయించుకుంటుంటి."

ఆ మాట దాచకుండా చెప్పినందుకు సుల్తాన్ బీ కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు. తగ్గిందని రాస్తే నేను అబద్ధం రాసినవాణ్ని అవుతాను.

"ఇంకొకటున్నది," అంది మమతారాణి. పుల్లలు రెండూ తీసి సుల్తాన్ బీ ఒళ్లో పెట్టింది. "మీ అబ్బ ఊరికె మాట ఇయ్యలే. పువ్వుల గంప తెచ్చిన మనిషితోని ఒకటి చెప్పి పంపిండు. మళ్ల ఎప్పుడన్న ఈ ఇంట్ల ఆడపిల్ల కోసం నౌబత్ మోగితె, అది నా బిడ్డ చేతుల మీద మోగాలె. గంజు మీద గాదు, పైన, నగారా మీద. అమ్మ సరే అన్నది. చచ్చిపోయేటప్పుడు ఆ మాట నాకు అప్పజెప్పింది. నాకు ఇద్దరు ఆడబిడ్డలు పుట్టిన్రు. రెండుసార్లు నిన్ను పిలవాల్సి ఉండె. పిలవలే, అక్కా."

అక్కా అన్న పిలుపు ఆ గడిలో ఒక దొర బిడ్డ నోట, నౌబత్‌దారు బిడ్డ కోసం రావడం అదే మొదటిసారి. సుల్తాన్ బీ అది విన్నదో లేదో తెలియదు. ఆమె ఒళ్లో ఉన్న పుల్లల మీద చేతులు పెట్టి, పెదవులు కదుపుతోంది. మగపిల్లవాడివైతే నా కొలువు నీకే ఇచ్చేవాణ్ని అన్న తండ్రి, మగపిల్లవాడు కాకపోయినా ఆ కొలువు ఇచ్చేసే పోయాడన్నమాట.

అప్పుడే ముంగిలి మీద ఒక దెబ్బ వినిపించింది.

పైన రహీమ్ తోలు బిగువు చూసుకోవడానికి ఒక్కటే ఒక్కటి కొట్టాడు. డెబ్బై ఎనిమిదేళ్లుగా మూగగా పడి ఉన్న నగారా చప్పుడు గడి గోడలకు తగిలి, జనానా స్తంభాల్లోంచి తిరిగి వచ్చింది. శామియానాల కింద కుర్చీలు సర్దుతున్నవాళ్లు ఆగిపోయారు.  తన పుట్టుకప్పుడు మోగిందని విన్నదే గానీ, ఊహ తెలిశాక ఆ చప్పుడు మమతారాణి చెవిన పడటం ఇదే మొదటిసారి.

సుల్తాన్ బీ గచ్చు మీద చెయ్యి ఆనించి లేచింది.

"వాన్ని ఆగుమనున్రి," అంది. "వస్తున్నని చెప్పున్రి."

 పుల్లలు రెండూ కుడిచేతిలో పట్టుకుని, ఎడమచేత్తో గోడ పట్టుకుంటూ, వసారా దాటి, ముంగిలి దాటి, శామియానాల నడుమ నుంచి నడిచింది. మమతారాణి వెనకే వచ్చింది, తెల్లగుడ్డ చేతిలో పట్టుకుని. మెట్ల దగ్గర రాకేశ్ బోర్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మమతారాణి అతని చేతిలోంచి బోర్డు తీసుకుని, రాత గోడ వైపు ఉండేట్టు తిప్పి ఆనించింది. కొత్త మాట రాత్రికి రాసిస్తాను, ఈ సాయంత్రం బోర్డు లేకుండానే గడుస్తుంది అని చెప్పింది. రాకేశ్ ఎందుకని అడగబోయి, ఇద్దరి ముఖాలూ చూసి మానుకున్నాడు.

ఒక మెట్టు. రెండు. మూడో మెట్టు మీద, ఆ గుంటలో, సుల్తాన్ బీ పాదం కుదురుగా కూర్చుంది. అరిగిన రాయి చల్లగా తగిలింది. రెండో పాదం పైకెత్తింది.

నాలుగో మెట్టు మీద సదానందరావు నిలబడి ఉన్నాడు. అతిథుల కోసం తెల్ల షేర్వానీ వేసుకుని, నగారా సిద్ధమైందో లేదో చూసి పైనుంచి దిగివస్తున్నాడు. ముసలామె చేతిలో పుల్లలు చూశాడు, వెనకే వచ్చిన మేనత్తను చూశాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు అతను. ఇప్పుడు కూడా మెల్లగానే అన్నాడు.

"అత్తమ్మా, పైకి ఆడోళ్లు ఎక్కే రివాజు లేదు గదా. మా నాయిన గూడ చివరి దాంక ఆ రివాజు తప్పలే. తెరిచే రోజే తప్పుదామా? ఆమెను కింద మంచి కుర్చీల కూసోబెట్టున్రి. రహీమ్ మోగిస్తడు."

దర్వాజా బయట కార్లు వచ్చి ఆగుతున్నాయి. పైనుంచి రహీమ్ తల వంచి చూశాడు. తల్లి చేతిలో రెండు పుల్లలు కనబడేసరికి ఇంకాస్త ముందుకు వంగాడు. చిన్నప్పటి నుంచీ గూట్లో ఒకటే చూసినవాడు.

సుల్తాన్ బీ సదానందరావు ముఖంలోకి చూసింది. ఎత్తిన పాదాన్ని దించలేదు.

"తొమ్మిదేండ్లప్పుడు గీ మెట్టు మీదనే నోరు మూసుకున్న, దొరా. మళ్ల మూసుకోను. మీ అత్తమ్మ పుట్టిన నౌబత్ సగమే మోగింది, ఒక్క పుల్లతోని. తక్కిన సగం నా చేతులల్ల ఉన్నది."

ఆమె పాదం నాలుగో మెట్టు మీద, అతని తోలుచెప్పుల పక్కన ఆనింది. కిందనుంచి మమతారాణి మూడో మెట్టు మీదికి వచ్చి నిలబడింది, అంతే.

సదానందరావు ఇంకా పక్కకు జరగలేదు.